మొదటి కక్ష్య నుంచి రేపటి ఇంజిన్ల దాకా: రాకెట్ ఆటలు ఎలా ఆడాలి

వేసవి సెలవులకు దేవరకొండ నుంచి నల్లగొండకు వచ్చిన మా మేనల్లుడు మొదటి రోజే కంప్యూటర్ ఆటలో తొమ్మిది రాకెట్లు పేల్చాడు. పదోది బాగానే లేచింది. నిలువునా పోయి, గాలి పొర దాటి, నల్లటి ఆకాశంలోకి చేరింది. వాడు చప్పట్లు కొట్టేలోపే ఆగి, వెళ్లిన దారినే తిరిగి వచ్చి నేలను గుద్దింది.

“మామా, గింత పైకి పోయినంక గూడ మల్ల కిందికే ఎందుకొచ్చింది?”

మీకూ ఈ ప్రశ్న వస్తే సంతోషించండి. నేర్చుకోవాల్సిందంతా దీని వెంటే వస్తుంది. పాలమూరు వైపు జొన్నచేలల్లో పిట్టలను తోలడానికి మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్లు. రాయిని ఎంత గట్టిగా విసిరితే అంత దూరంలో పడేది. ఆ మంచెను గాలి లేనంత ఎత్తుకు లేపి, రాయిని సెకనుకు కిలోమీటర్ల వేగంతో అడ్డంగా విసిరామనుకోండి. రాయి పడుతూనే ఉంటుంది, కానీ దాని కింద నేల కూడా గుండ్రంగా వంగి తప్పుకుంటూ పోతుంది. పడుతూ పడుతూ భూమిని చుట్టి వస్తుంది. కక్ష్య అంటే అదే. పైకి పోవడం గాలిని తప్పించుకోవడానికి మాత్రమే, అసలు పని అడ్డంగా పరుగెత్తడం.

1. ఆటను ఎంచుకోండి

ఫోన్ మాత్రమే ఉంటే స్పేస్‌ఫ్లైట్ సిమ్యులేటర్ వేసుకోండి. బొమ్మ చదునుగా ఉంటుంది కానీ కక్ష్య లెక్కలు నిజమైనవే. ల్యాప్‌టాప్ ఉంటే నా ఓటు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్‌కే. మెక్సికోలోని స్క్వాడ్ అనే సంస్థ తయారు చేసిన ఈ ఆట 2011లో జనం చేతికి వచ్చింది, 2015లో పూర్తి రూపం తీసుకుంది. కొనేటప్పుడు మొదటి భాగమే కొనండి, రెండో భాగం అసంపూర్తిగా ఆగిపోయింది. పైసా ఖర్చు వద్దనుకుంటే ఆర్బిటర్ ఉంది. మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రవేత్త 2000లో విడుదల చేసిన సిమ్యులేటర్ ఇది, 2021లో దాని కోడ్ కూడా అందరికీ ఇచ్చేశారు. అందులో అసలు సైజు భూమి, అసలు దూరాలు ఉంటాయి. కొత్తవాళ్లకు మాత్రం కష్టం. కెర్బల్‌లో చంద్రుడి దాకా వెళ్లి వచ్చాక దాన్ని ముట్టుకోండి.

ఇక్కడి నుంచి కెర్బల్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. మౌస్ తప్పనిసరి. శాండ్‌బాక్స్ పద్ధతిలో మొదలుపెడితే విడిభాగాలన్నీ మొదటి నుంచే చేతిలో ఉంటాయి. ఇంకొకటి, ప్రతి ముఖ్యమైన పనికి ముందు ఎఫ్5 నొక్కండి. ఆట అక్కడికి భద్రమవుతుంది. తప్పు జరిగితే ఎఫ్9 పట్టుకుంటే వెనక్కి వస్తారు. ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు సంగతి మీకు తెలిసిందే కదా, ఎఫ్5 మరిచిపోకండి.

2. మొదటి రాకెట్ కట్టండి

పై నుంచి కిందికి ఈ వరుసలో పెట్టండి: ఎంకే16 పారాచూట్, మనిషి కూర్చునే ఎంకే1 గది, విడదీసే కడియం, ఎఫ్ఎల్-టీ400 ట్యాంకు ఒకటి, టెర్రియర్ ఇంజిన్. దాని కింద మరో కడియం, టీ400 ట్యాంకులు మూడు, స్వివెల్ ఇంజిన్. అడుగున నాలుగు రెక్కలు. మొత్తం బరువు 12 టన్నులు.

ఇంతకన్నా పెద్దది కట్టాలని చేతులు లాగుతాయి. ఆపుకోండి. వెనుకటి రోజుల్లో కురుమూర్తి జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవాళ్లు. దారిలో గడ్డి దొరకదనుకుంటే గడ్డి కూడా బండిలోనే వేసుకోవాలి. గడ్డి బరువు పెరిగితే ఎడ్లు ఎక్కువ తింటాయి, అప్పుడు ఆ గడ్డిని లాగడానికి ఇంకాస్త గడ్డి కావాలి. రాకెట్‌ది అచ్చంగా ఇదే బాధ. రష్యాలో బడిపంతులుగా పనిచేసిన సియోల్కోవ్‌స్కీ 1903లో దీన్ని లెక్కగా రాసి ప్రచురించాడు. ఇంధనం రెట్టింపు చేస్తే వేగం రెట్టింపు కాదు. అందుకే రాకెట్‌ను అంతస్తులుగా కట్టి, ఖాళీ అయిన ట్యాంకులను దారిలోనే వదిలేస్తారు.

మీ దగ్గరున్న ఇంధనంతో మొత్తం ఎంత వేగం మార్చుకోగలరో చెప్పే అంకెను డెల్టా-వీ అంటారు. కట్టే చోటే తెర మీద, సెకనుకు ఇన్ని మీటర్లని కనబడుతుంది. దీన్ని జేబులో డబ్బు లెక్క చూసుకోండి. పైన చెప్పిన రాకెట్‌లో సుమారు 4,500 ఉంటుంది. ఆటలో మన భూమికి బదులుండే కెర్బిన్ గ్రహం కక్ష్యలోకి చేరడానికి 3,400 ఖర్చు. అంటే కొత్తచేతి తప్పులకు కూడా మిగులు ఉంది.

3. కక్ష్యలోకి ఎక్కించండి

టీ నొక్కితే రాకెట్ తూలకుండా నిలబడుతుంది. జెడ్ అంటే పూర్తి బలం, ఎక్స్ అంటే ఇంజిన్ ఆపడం, స్పేస్ బార్ అంటే తర్వాతి అంతస్తు. ముందు ఈ నాలుగూ వేళ్లకు అలవాటు కావాలి.

లేచాక వేగం సెకనుకు 100 మీటర్లు దాటగానే తూర్పు వైపు కొద్దిగా, ఐదు డిగ్రీలు మాత్రమే వంచండి. అక్కడి నుంచి మెల్లమెల్లగా వంగుతూ 10 కిలోమీటర్ల ఎత్తుకు 45 డిగ్రీలకు రావాలి. ఒక్కసారిగా తిప్పారంటే గాలి దెబ్బకు పల్టీ కొడుతుంది. తూర్పే ఎందుకంటే గ్రహం అటు తిరుగుతోంది కాబట్టి ఆ వేగం మీకు ఉచితంగా వస్తుంది. శ్రీహరికోట తూర్పు తీరంలో ఉండటానికి ఒక కారణం ఇదే. అక్కడ నేల తిరిగే వేగమే సెకనుకు 450 మీటర్ల దాకా ఉంటుంది, ముందు సముద్రం కాబట్టి విడిపోయిన అంతస్తులు ఊళ్ల మీద పడవు.

ఎం నొక్కి పటం చూడండి. మీ దారి విల్లులా కనబడుతుంది. దాని ఎత్తైన చోటును అపోయాప్సిస్ అంటారు. అది 80 కిలోమీటర్లకు చేరగానే ఇంజిన్ ఆపేయండి. గాలి 70 కిలోమీటర్ల దగ్గరే అయిపోతుంది. ఇక ఇంజిన్ లేకుండానే అది పైకి పోతూ ఉంటుంది. కొత్తవాళ్లకు టెన్షన్ పుట్టించే నిమిషాలు ఇవి, చేయాల్సిన పని మాత్రం ఏమీ లేదు. ఎత్తైన చోటు ఇంకో అరనిమిషంలో వస్తుందనగా రాకెట్‌ను అడ్డంగా, ప్రయాణించే దిశకు తిప్పి పూర్తి బలం ఇవ్వండి. పటంలో అవతలి వైపు గీత నేలలోంచి మెల్లగా పైకి లేస్తుంది. కింది అంచు కూడా 70 దాటిందంటే మీరు కక్ష్యలో ఉన్నట్టే. వేగం సెకనుకు 2,280 మీటర్ల దగ్గర ఉంటుంది. మన భూమికి అది 7,800 కావాలి, ఎందుకంటే కెర్బిన్ వ్యాసార్థం 600 కిలోమీటర్లే, భూమిది 6,371.

దిగడానికి ప్రయాణ దిశకు ఎదురుగా తిప్పి కాసేపు మండించండి. కింది అంచు 30 కిలోమీటర్లకు వస్తే చాలు, మిగతా బ్రేకు పని గాలి చేసిపెడుతుంది. గది కింద ఉన్నదంతా విడదీసి, వేగం సెకనుకు 250 మీటర్లకు తగ్గాక పారాచూట్ విప్పండి.

మా వాడికి ఇది కుదిరేసరికి నాలుగు సాయంత్రాలు పట్టింది. మీకు వారం పట్టినా బాధపడొద్దు.

4. చంద్రుడిని చుట్టి రండి

కెర్బిన్‌కు మున్ అనే చంద్రుడు ఉన్నాడు, 12,000 కిలోమీటర్ల దూరంలో. పాత రాకెట్‌కే గది కింద వేడిని తట్టుకునే కవచం, పక్కన రెండు హ్యామర్ బూస్టర్లు చేర్చండి. బూస్టర్ల బలం సగానికి తగ్గించండి, లేదంటే గాలిలోనే ఎక్కువ వేగం వచ్చి ఇంధనం వృథా అవుతుంది.

కక్ష్యలో ఉన్నప్పుడు ఎదురుగా నేల అంచు మీద మున్ ఉదయించే క్షణం కోసం చూడండి. అది కనబడగానే ప్రయాణ దిశలో మండించండి. సుమారు 860 ఖర్చవుతుంది. పటంలో మీ దారి మున్ దారిని తాకగానే ఆపేయండి. లెక్కలేవీ లేకుండా కంటితో చేసే ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. మున్‌కు దగ్గరగా వెళ్లే చోటు 20 కిలోమీటర్ల కన్నా కిందికి రాకుండా చూసుకోండి, అక్కడ ఎత్తైన కొండలున్నాయి. చుట్టి వచ్చాక మిగిలిన ఇంధనంతో కెర్బిన్ వైపు కింది అంచును మళ్లీ 30కి సరిచేస్తే ఇంటికి చేరినట్టే.

ఇది చేశాక చంద్రయాన్-3 ప్రయాణం వేరేగా కనబడుతుంది. 2023 జూలై 14న బయల్దేరిన నౌక ఆగస్టు 5కు గానీ చంద్రుడి కక్ష్యలోకి చేరలేదు. ఎందుకంత ఆలస్యం? దాని ఇంజిన్ చిన్నది. ఉయ్యాల కిందికి వచ్చిన ప్రతిసారీ ఒక్కో తోపు ఇచ్చినట్టు, భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా మండించి, ఐదుసార్లు కక్ష్యను సాగదీసి, ఆరో తోపుతో చంద్రుడి దారి పట్టించారు. వేగంగా ఉన్న చోటే ఇంధనం మండిస్తే లాభం ఎక్కువ. మంగళయాన్‌ను 2013లో పంపినప్పుడూ ఇదే ఉపాయం. మీరూ టెర్రియర్ బదులు ఇంకా చిన్న ఇంజిన్ పెట్టి ఇలా విడతలుగా వెళ్లి చూడండి. ఇంత ఓపికగా చేసిన పనికి ఎంత నేర్పు కావాలో అప్పుడు మీ చేతికే తెలుస్తుంది.

5. ముందున్న నౌకను పట్టుకోండి

ఇది అందరూ తడబడే చోటు. ముందు పోతున్న నౌకను అందుకోవాలని బలం పెంచితే మీ కక్ష్య పెద్దదై, ఇంకా వెనకబడతారు.

బతుకమ్మ ఆడేటప్పుడు ఆడవాళ్లు ఒక్కోసారి రెండు వలయాలుగా తిరుగుతారు. లోపలి వలయానికి చుట్టుకొలత తక్కువ కాబట్టి వాళ్ల చుట్టు త్వరగా పూర్తవుతుంది. కక్ష్యలో ఇంకో విశేషం ఉంది, లోపలివాళ్ల అడుగు కూడా వేగంగా పడుతుంది. కాబట్టి ముందున్నవాళ్లను పట్టుకోవాలంటే వేగం తగ్గించి లోపలి వలయంలోకి దిగండి. కొన్ని చుట్లు తిరిగి దగ్గరయ్యాక మళ్లీ పైకి రండి. (బతుకమ్మ వైపే ముఖం పెట్టి చుట్టూ తిరిగే ఆడవాళ్ల వీపు బతుకమ్మకు ఎన్నడూ కనబడదు. చంద్రుడి అవతలి ముఖం మనకు కనబడకపోవడమూ అంతే. పిల్లలకు ఇలా చెబితే ఒక్క మాటలో పట్టుకుంటారు.)

6. ఇప్పుడు కొత్త ఇంజిన్లు తీయండి

నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. మామూలు ఇంజిన్‌తో చంద్రుడి దాకా వెళ్లి రాకముందు అణు ఇంజిన్, అయాన్ ఇంజిన్ ముట్టుకోవద్దు. పేదరికం తెలియనివాళ్లకు పొదుపు రుచి తెలియదు.

ఇంజిన్ పొదుపును సెకన్లలో చెబుతారు. ఒక కిలో ఇంధనంతో ఒక కిలో బరువంత తోపును ఎన్ని సెకన్లు ఇవ్వగలదన్నది దాని అర్థం. టెర్రియర్ 345. నిజ ప్రపంచంలో హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే మంచి ఇంజిన్లు 450 దగ్గర ఆగిపోతాయి. మండించడంలో అంతకన్నా పెద్దగా దొరకదు.

ముందు నెర్వ్ అనే అణు ఇంజిన్‌తో ఒక ప్రయోగం చేయండి. దాని పొదుపు 800. కానీ బరువు 3 టన్నులు, టెర్రియర్ అర టన్నే. మీ చిన్న నౌకలో రెండు టన్నుల ఇంధనంతో టెర్రియర్ సుమారు 2,600 డెల్టా-వీ ఇస్తే, నెర్వ్ 3,000 ఇస్తుంది. లాభం ఇంతేనా అనిపిస్తుంది. ఇప్పుడు ఇంధనం 16 టన్నులకు పెంచండి. టెర్రియర్ 5,800 దగ్గర ఉంటే నెర్వ్ 10,000 దాటుతుంది. పెద్ద ప్రయాణానికే పెద్ద ఇంజిన్ అని ఏ వ్యాసం చదివినా ఇంత సూటిగా తెలియదు. నెర్వ్ ఊహ కూడా కాదు. అమెరికా 1955 నుంచి 1973 దాకా సాగిన పథకంలో నెవాడా ఎడారిలో ఇలాంటి ఇంజిన్లను నేల మీద నడిపి చూసింది. హైడ్రోజన్‌ను అణు రియాక్టర్‌లో కాచి వెనక్కి చిమ్మడమే దాని పని. ఆకాశంలోకి మాత్రం ఒక్కటీ వెళ్లలేదు.

తర్వాత డాన్ అనే అయాన్ ఇంజిన్. పొదుపు 4,200. జెనాన్ వాయువుకు విద్యుదావేశం ఇచ్చి, కరెంటు బలంతో వెనక్కి తోస్తుంది. ఆటలో దాని తోపు 2 కిలోన్యూటన్లు. అదే పేరున్న నాసా నౌక 2007లో బయల్దేరి గ్రహశకలాల పట్టీలోని వెస్టాను, సెరెస్‌ను చుట్టింది. దాని ఇంజిన్ తోపు ఒక కాగితం బరువంతే. సున్నా నుంచి గంటకు సుమారు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి నాలుగు రోజులు పట్టేది. అయినా మొత్తం మీద సంవత్సరాల తరబడి తోసి, సెకనుకు 11 కిలోమీటర్లకు పైగా వేగం మార్చుకుంది. ఆటగాళ్లు అంతసేపు కూర్చోలేరని ఆట తయారు చేసినవాళ్లు తోపును ఇరవై వేల రెట్లకు పైగా పెంచారు. అయినా సరే, మున్‌కు వెళ్లే మంట పావుగంట దాకా పడుతుంది. ఆల్ట్ పట్టుకొని చుక్క మీట నొక్కుతూ పోతే కాలం నాలుగు రెట్ల దాకా వేగంగా నడుస్తుంది.

మా వాడి అయాన్ నౌక సగం మంటలోనే ఆగిపోయింది. ఇంధనం నిండుగా ఉంది, ఇంజిన్ బాగుంది. వాడు తల పట్టుకున్నాడు. నేను చెప్పకుండా ఊరుకున్నాను. పది నిమిషాలు వెతికి తానే కనుక్కున్నాడు: నౌక కెర్బిన్ నీడలోకి వెళ్లింది, సోలార్ పలకలకు ఎండ లేదు. బ్యాటరీలు పెంచాలి, లేదా మంటను ఎండ వైపు సగంలోనే ముగించుకోవాలి.

ఇంకా దూరం పోవాలంటే సీకేఏఎన్ అనే ఉచిత సాధనంతో అదనపు ప్యాకేజీలు వేసుకోవచ్చు. నియర్ ఫ్యూచర్‌తో మొదలుపెట్టండి, అందులోని ఇంజిన్లు నేటి ప్రయోగశాలలకు దగ్గరగా ఉంటాయి. ఫార్ ఫ్యూచర్ టెక్నాలజీస్‌లో ఫ్యూజన్ (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి తీయడం), ప్రతిపదార్థం (మామూలు పదార్థాన్ని తాకితే రెండూ శక్తిగా మారిపోయేది) ఉంటాయి. వేసుకునే ముందు ఆట ఫోల్డర్‌ను వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి.

7. కొత్త ఇంజిన్ వార్త చూసినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి

వెనక్కి ఏం విసురుతోంది, ఎంత వేగంతో? శక్తి ఎక్కడిది? వేడిని ఎక్కడ వదులుతోంది? చివర్లో ఎలా ఆగుతుంది?

మొదటి ప్రశ్నకే కొన్ని రాలిపోతాయి. దేన్నీ విసరకుండా మైక్రోవేవ్‌లతో ముందుకు పోతుందన్న ఎమ్‌డ్రైవ్ గురించి ఏళ్ల తరబడి రాశారు. 2021లో జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి చూస్తే తోపు లేదని తేలింది. సౌర తెరచాప కూడా ఏమీ విసరదు కదా అంటారేమో. అది తన మీద పడిన వెలుతురును వెనక్కి తిప్పి పంపుతుంది, తోపు అక్కడి నుంచే. జపాన్ 2010లో పంపిన ఇకారోస్ దాన్ని గ్రహాల మధ్య నడిపి చూపించింది.

రెండో ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పింది ఓరియన్. 1958లో మొదలైన ఆలోచన: నౌక వెనక చిన్న అణుబాంబులు ఒకదాని తర్వాత ఒకటి పేల్చి, ఆ దెబ్బలను పెద్ద ఇనుప పలక మీద తీసుకోవడం. మామూలు పేలుడు పదార్థాలతో చేసిన చిన్న నమూనా 1959లో ఎగిరింది కూడా. ఆకాశంలో అణు పేలుళ్లను నిషేధించిన 1963 ఒప్పందంతో ఆ దారి మూసుకుపోయింది. అలా మూసుకుపోవడమే మంచిదని నా అభిప్రాయం.

మూడో ప్రశ్నను చాలామంది మరిచిపోతారు. అంతరిక్షం చల్లన కదా, వేడి తానే పోతుందనుకుంటారు. థర్మాస్ ఫ్లాస్కులో చాయ్ గంటల తరబడి వేడిగా ఎందుకుంటుంది? గోడల మధ్య గాలి లేదు కాబట్టి. నౌక చుట్టూ ఉన్నదీ అదే శూన్యం. వేడి వెలుతురు రూపంలో మాత్రమే పోవాలి, అందుకే పెద్ద పెద్ద రేడియేటర్లు కావాలి. ఫ్యూజన్ నౌక బొమ్మలో రేడియేటర్లు లేకపోతే గీసినవాళ్లు లెక్క చేయలేదని అర్థం.

నాలుగోది అన్నింటికన్నా కష్టం. బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973 నుంచి 1978 దాకా డెడాలస్ అనే నౌకను కాగితం మీద లెక్కగట్టింది. 54,000 టన్నుల బరువు, ఫ్యూజన్ గుళికలు, కాంతి వేగంలో 12 శాతం, ఆరు కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రానికి సుమారు 50 ఏళ్ల ప్రయాణం. ఆగడానికి మాత్రం ఇంధనం లేదు. ఆ వేగంతో పోతే భూమికీ సూర్యుడికీ ఉన్నంత దూరం 70 నిమిషాల్లో దాటిపోతుంది. అర్ధ శతాబ్దం ప్రయాణించి, చూడాల్సిన చోటును అంత తొందరగా వదిలేసి పోవాలి. 2016లో ప్రకటించిన స్టార్‌షాట్ పరిస్థితీ అదే. లేజర్ వెలుగుతో గ్రాముల బరువున్న నౌకలను కాంతి వేగంలో ఐదోవంతుకు తోయాలన్నది ఆ ఆలోచన, ఆపే దారి లేదు. అయినా ఆ లెక్కలు చేసినవాళ్లంటే నాకు గౌరవం. 1977లో బయల్దేరిన వాయేజర్-1 ఇప్పుడు సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో అన్నిటికన్నా దగ్గరి నక్షత్రానికే 70 వేల ఏళ్లకు పైగా పడుతుంది. ఎవరో ఒకరు లెక్క మొదలుపెట్టాలి.

స్థలాన్నే ముడుచుకొని పోయే 1994 నాటి అల్‌కుబియెర్రె ఊహ మాత్రం వేరే గంపలో వేయండి. గణితం సరిపోతుంది, కానీ దానికి కావాల్సిన ప్రతికూల శక్తిని అంత మోతాదులో తయారు చేసే దారి ఎవరి దగ్గరా లేదు.

8. ఒక సాయంత్రం తెర మూసి మేడ ఎక్కండి

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టి వస్తుంది. మీ ఊరి మీదుగా ఎప్పుడు పోతుందో నాసా ఉచితంగా ఇచ్చే సమాచారంలో చూసుకోవచ్చు. పొద్దుగూకిన గంటలోపు వచ్చే రోజును ఎంచుకోండి. మన్ననూరు, ఫరహాబాద్ వైపు నల్లమలలో అయితే ఆకాశం ఇంకా నల్లగా ఉంటుంది కానీ, దీనికి అంత దూరం పోనక్కర్లేదు. నల్లగొండ వీధి దీపాల మధ్య కూడా బాగానే కనబడుతుంది. పడమటి వైపు నుంచి మిణుకుమనకుండా ఒక చుక్క లేస్తుంది. విమానంలా రంగు దీపాలు ఉండవు. మీరు తూర్పుకు వంచి ఎక్కించిన కక్ష్య లాంటిదే అది, నాలుగైదు నిమిషాల్లో ఆకాశం దాటుతుంది.

సెలవులు అయిపోయే ముందు మేమిద్దరం అలాగే నిలబడి చూశాం. చుక్క నెత్తి మీదికి వచ్చి, తూర్పుకు దిగుతూ, అంచు దాకా పోకుండానే ఎర్రబడి ఆరిపోయింది. మా వాడు కాసేపు అక్కడే చూస్తూ ఉండిపోయాడు.

“మామా, గిక్కడ్నే గదా మన ఇంజిన్ ఆగింది” అన్నాడు.